సీటీసీలో పాత ల్యాప్‌టాప్ కొనాలంటే గంటసేపు కూర్చోండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మొదలు ఇంజినీరింగ్ కాలేజీలు తెరిచేదాకా మా బంధువర్గంలో నాకు గిరాకీ ఎక్కువ. “చిన్నమ్మా, ముప్పై వేలలో మంచి ల్యాప్‌టాప్ చెప్పు” అని ఒకరు, “ఐ5 అట, తీసుకోమంటావా?” అని ఇంకొకరు ఫోను చేస్తారు. మాదాపూర్‌లో ఒక కంపెనీ ఐటీ విభాగంలో నా ఉద్యోగమే ల్యాప్‌టాప్‌లు పంచడం, చెడిపోతే చూడడం, గడువు తీరాక లెక్కచూసి అట్టపెట్టెల్లో సర్ది పంపేయడం. అందరికీ విడివిడిగా చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ డబ్బుకు కొత్తది కొనకండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల బజారుకు వెళ్లి ఆఫీసుల్లో వాడి వదిలేసినది కొనండి. దుకాణంలో గంటసేపు కూర్చునే ఓపిక ఉంటేనే వెళ్లండి. కూర్చోనివ్వని దుకాణం అయితే ఎంత చవకగా ఇచ్చినా లేచి వచ్చేయండి.

ముప్పై వేల కొత్త యంత్రంలో తయారీదారు ఎక్కడో ఒకచోట చెయ్యి బిగించక తప్పదు. మూత కీళ్లు పలచన, తెరలో వెలుగు తక్కువ, ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) తరచూ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేం. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ వంటి ఆఫీసు మోడళ్ల సంగతి వేరు. వాటిని వందల లెక్కన కొనే సంస్థలు మరమ్మతు సులువుగా ఉండాలని పట్టుబడతాయి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల్లో చాలావరకు వీటిని లీజుకు తీసుకుని, మూడు నాలుగేళ్లకు తిరిగి ఇచ్చేస్తాయి. అవి టోకు వ్యాపారుల చేతులు మారి, మనమందరం సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, దాని చుట్టుపక్కల దుకాణాలకు చేరతాయి. విదేశాల్లో వాడిన సరుకు కూడా వస్తుంది. బ్లూ లైన్ మెట్రోలో ప్యారడైజ్ దగ్గర దిగి నడిచి వెళ్లండి. కారు తెస్తే దాన్ని నిలిపే చోటు వెతకడంలోనే మీ ఓపిక సగం కరిగిపోతుంది.

ఆటలు ఆడాలన్నా, వీడియో ఎడిటింగ్ చేయాలన్నా ఈ మాటలు మీకు పనికిరావు, గ్రాఫిక్స్ కార్డు ఉన్న కొత్తదే చూసుకోండి. అమీర్‌పేటలో కోర్సు చేసేవారికి, ట్యాలీ నేర్చుకునేవారికి, బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలకు మాత్రం ఇది చాలు, మిగులు కూడా.

ఇంటి దగ్గరే ఒక విషయం తేల్చుకుని బయలుదేరండి: ల్యాప్‌టాప్ మెదడు లాంటి ప్రాసెసర్ ఏ తరానిది కావాలి? ఐ5 అన్నంత మాత్రాన ఏమీ తెలియదు. ఐ5 పేరుతో ఇంటెల్ కంపెనీ చిప్‌లు 2009లోనే మొదలయ్యాయి. పేరు తర్వాత గీత పెట్టి రాసే అంకెలే అసలు జాతకం. ఐ5-6300యు అంటే 6వ తరం, ఐ5-8250యు అంటే 8వ తరం, ఐ5-10210యు అంటే 10వ తరం, ఐ5-1135జీ7 అంటే 11వ తరం. కనీసం ఏ తరం ఉండాలంటే నేను 8వది అంటాను. దానికి రెండు కారణాలు. 7వ తరం ఐ5-7200యులో కోర్లు (చిప్‌లో పనిచేసే భాగాలు) రెండే ఉండేవి, ఐ5-8250యుకు వచ్చేసరికి నాలుగయ్యాయి. పక్కపక్క తరాల మధ్య అంత తేడా మళ్లీ అరుదు. రెండోది, విండోస్ 11కు ఇంటెల్‌లో అధికారికంగా 8వ తరం నుంచే అనుమతి, కొద్దిపాటి మినహాయింపులు తప్ప. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్లవారికి భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది పొడిగించారు, అంతే.

ఇక్కడే దుకాణాల్లో ఒక కిటుకు నడుస్తుంది. 6వ, 7వ తరం యంత్రంలో, ప్రాసెసర్ సరిపోతుందా అని విండోస్ చేసే తనిఖీని దాటవేసి విండోస్ 11 ఎక్కించి, “చూడండి మేడమ్, లెవెన్ నడుస్తోంది” అంటారు. నడుస్తుంది, నిజమే. ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మాత్రం ఉండదు. బల్ల మీద ఉన్న విండోస్‌ను చూడకండి, ప్రాసెసర్ పేరు చూడండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆపైన అబౌట్ తెరిస్తే కనిపిస్తుంది. ఇంటెల్ బదులు ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్ అయితే 4000 వరుస నుంచి చూస్తే గొడవ లేదు. 8వ తరానికి 20 వేలు దాటి అడిగితే నేను బేరం కూడా ఆడను.

ఇక దుకాణంలో. ఏ ప్లస్ కండిషన్ పీస్ అంటూ పాలిష్ చేసినట్టు మెరిసేదాన్ని ముందు పెడతారు. పైన అంటించిన కొత్త ప్లాస్టిక్ పొరను చూసి మురిసిపోకండి. మూత మీద పాత కంపెనీ అంటించిన ఆస్తి సంఖ్య స్టిక్కర్ పీకిన జిగురు మరక, అరచేతులు ఆనే చోట అరుగుదల ఉన్నవే నాకు నమ్మకం. అవి ఎక్కడి నుంచి వచ్చాయో అవే చెబుతున్నాయి. చార్జర్ తీసేయించి, బ్యాటరీ మీదే నడపండి. గడియారంలో సమయం, బ్యాటరీ శాతం ఫోనులో రాసుకోండి. మీరు చేసే తనిఖీ అంతా బ్యాటరీకి కూడా పరీక్షే అవుతుంది.

ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ బయాస్‌లోకి, అంటే విండోస్ మొదలవకముందే తెరుచుకునే యంత్రం సొంత సెట్టింగుల్లోకి వెళ్లండి. థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కాలి. పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో ఆ యంత్రం కథ ముగిసింది. “అది తీయించి ఇస్తాం” అంటే తీయించిన తర్వాతే వస్తామని చెప్పండి. భద్రతకు సంబంధించిన పేజీలో అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనే పేరు పక్కన యాక్టివేటెడ్ అని ఉన్నా వద్దు. అది దూరం నుంచే యంత్రాన్ని కనిపెట్టి తాళం వేయగల ఏర్పాటు. బయాస్‌లో కనిపించే సీరియల్ నంబరు, అడుగున ఉన్న స్టిక్కర్ నంబరు ఒకటే అయి ఉండాలి. డెల్‌లో దాన్ని సర్వీస్ ట్యాగ్ అంటారు, ఏడు అక్షరాలు. దాన్ని ఫోనులో కంపెనీ సైట్‌లో కొట్టి చూస్తే వారంటీ వివరాలు వస్తాయి. మూడేళ్ల కిందటిదని చెప్పినదాని వయసు అక్కడ ఆరేళ్లుగా తేలిన సందర్భాలు నాకు తెలుసు.

తర్వాత బ్యాటరీ. స్టార్ట్ బటన్ నొక్కి సీఎమ్‌డీ అని కొడితే నల్లటి కిటికీ వస్తుంది. అందులో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాసి (powercfg /batteryreport) ఎంటర్ కొట్టండి. నివేదికను ఎక్కడ దాచిందో అదే చెబుతుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. అందులో మీకు కావలసినవి రెండు వరుసలు: డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ. మొదటిది పుట్టినప్పటి బలం, రెండోది ఈనాటి బలం. 68,000 మిల్లీవాట్ అవర్లతో పుట్టిన లాటిట్యూడ్ బ్యాటరీ ఇప్పుడు 34,000 చూపిస్తే సగం ప్రాణం పోయినట్టే. డెబ్బై శాతం పైన ఉంటే నాకు అభ్యంతరం లేదు. అరవై లోపు ఉంటే వేరేది వేసి ఇమ్మంటాను. రెండు అంకెలూ అచ్చంగా ఒకటే ఉండి, ఎన్నిసార్లు చార్జ్ అయిందో చెప్పే సైకిల్ కౌంట్ సున్నా చూపిస్తే సంబరపడకండి. బయట తయారైన బ్యాటరీ కొత్తగా వేశారేమో అడగండి. థింక్‌ప్యాడ్ టీ480లో లోపల ఒకటి, బయట ఒకటి, రెండు బ్యాటరీలు ఉంటాయి. నివేదికలో రెంటినీ చూడాలి. బయటిది కొత్తది పెట్టి, లోపలిది చచ్చినది ఉంచడం మామూలే.

తెరకు సమయం కేటాయించండి, రోజంతా చూడవలసింది దాన్నే కదా. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920, 1080 అంకెలు కనిపించాలి. ఇవే మోడళ్లలో 1366, 768 తెరలూ అమ్మారు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు, ఎక్సెల్ తెరిచాక కళ్లకు తెలుస్తుంది. ఖాళీ నోట్‌ప్యాడ్‌ను తెర నిండా పరిచి, వెలుగు పూర్తిగా పెంచి చూడండి. సంచిలో నొక్కుకుపోయిన చోట తెల్లటి మచ్చలుంటాయి. కొన్ని ఎలైట్‌బుక్‌లలో ష్యూర్ వ్యూ అనే తెర ఉంటుంది. ఒక మీట నొక్కితే పక్కవారికి ఏమీ కనిపించకుండా మసకబారుతుంది. అది తెలియక తెర పాడైందనుకుని మంచి పీస్ వదిలేసినవారూ ఉన్నారు. ఆ మీట నొక్కి చూసి, ఆపేశాక కూడా డల్‌గా ఉంటేనే వద్దనండి.

కీబోర్డులో ప్రతి మీటా నొక్కాలి, ప్రతిదీ. సిగ్గుపడకండి. అక్షరాల మీద స్టిక్కర్లు అంటించి ఉంటే అది వేరే దేశపు అమరిక కావచ్చు. ఆ స్టిక్కర్లు ఊడిపోయే రోజు వస్తుంది. యూఎస్‌బీ రంధ్రాలన్నింటిలో పెన్‌డ్రైవ్ పెట్టి తీయండి, కెమెరా, మైకు, స్పీకర్లు చూడండి, వైఫై పట్టుకుందో లేదో చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) ఆరోగ్యం ఎంత శాతం ఉందో, ఎన్ని గంటలు పనిచేసిందో చెప్పేస్తుంది. ఎస్ఎస్‌డీ బదులు పాత హార్డ్ డిస్కే తిరుగుతుంటే ఆ ధరకు ఆ యంత్రం వద్దు.

ర్యామ్ 16 జీబీ ఉన్నదే అడగండి. 8తో మొదలుపెట్టి తర్వాత పెంచుకోవచ్చని ఇదివరకు నేనే చెప్పేదాన్ని. ఈ మధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు ఆ సలహా చెల్లదు. పెంచే వీలుందో లేదో టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కింద స్లాట్ల లెక్క చూస్తే కొంత తెలుస్తుంది. టీ480లో రెండు స్లాట్లున్నాయి. దాని తమ్ముడు టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, ఒక్కటే స్లాట్. ఎక్స్1 కార్బన్‌లో అంతా అతికించినదే, దానితో పుట్టిందే దానికి చివరిదాకా.

చార్జర్‌ను చులకనగా చూడకండి. డెల్ యంత్రాలు చార్జర్‌ను గుర్తుపడతాయి. నకిలీది పెడితే ఆన్ అయ్యేటప్పుడు అడాప్టర్ ఏదో తెలియలేదని సందేశం ఇచ్చి, బ్యాటరీ ఎక్కించడం మానేస్తాయి, వేగం కూడా తగ్గిస్తాయి. బేరంలో అయిదు వందలు తగ్గించమనే బదులు అసలు చార్జర్ ఇమ్మనండి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది, అమ్మేవారికి అంతగా నచ్చనిది. చార్జర్ పెట్టి, ఫోను హాట్‌స్పాట్ సిద్ధం చేసుకుని, సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, రీసెట్ దిస్ పీసీ నొక్కి, అంతా తుడిచేయమనండి. అమ్మకందారు అనుమతి అడిగే చేయండి. “అక్కర్లేదు మేడమ్, ఇప్పుడే ఫ్రెష్‌గా వేశాం” అంటారు. అయినా చేయించండి.

ఎందుకో మా పనిలో ఉన్నవారికి బాగా తెలుసు. కంపెనీలు ల్యాప్‌టాప్‌లను కొనగానే ఆటోపైలట్ అనే పద్ధతిలో తమ పేరు మీద మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేస్తాయి. యంత్రాన్ని వదిలించుకునేటప్పుడు ఆ నమోదు తీసేయాలి. వందల యంత్రాలు ఒకేసారి వెళ్లేటప్పుడు ఏదో ఒకటి జాబితాలో మిగిలిపోతుంది. అలాంటిదాన్ని ఇంటర్నెట్ లేకుండా సెటప్ చేస్తే ఏమీ బయటపడదు, నెలలపాటు హాయిగా నడుస్తుంది. ఏదో ఒక రోజు మీరు రీసెట్ చేసి వైఫై కలిపిన మరుక్షణం, తెర మీద ఒక కంపెనీ పేరు, స్వాగతం, ఆఫీసు ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగే గడి ప్రత్యక్షమవుతాయి. డిస్క్ మార్చినా మళ్లీ అదే. దాన్ని తొలగించగలిగేది ఆ కంపెనీ, లేదా దాని తరఫున మైక్రోసాఫ్ట్. కాబట్టి ఆ దృశ్యం మీ ఇంట్లో కాకుండా వాళ్ల బల్ల మీదే రావాలి. రీసెట్ అయ్యాక నెట్ కలిపి, సెటప్ చివరిదాకా వెళ్లి, మామూలు డెస్క్‌టాప్ కనిపించాకే డబ్బు తీయండి.

రీసెట్‌కు అరగంటో ముప్పావుగంటో పడుతుంది. చాయ్ తాగాలనిపిస్తే దుకాణంలోకే తెప్పించుకోండి, యంత్రాన్ని వదిలి బయటకు వెళ్లకండి. అచ్చం అలాంటివే పది అక్కడ పేర్చి ఉంటాయి. ఆ సమయంలోనే బేరం, బిల్లు మాట్లాడండి. “బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం” అంటారు. ఇచ్చేయండి, ఆ బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. దొంగసొత్తు కాదని చూపడానికి మీ చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

డెస్క్‌టాప్ వచ్చాక, విండోస్‌కు సరైన లైసెన్స్ ఉందో లేదో తెలియడానికి సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూడండి. డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయిందని ఉంటే మంచిది. మీ సంస్థ సర్వీసు ద్వారా యాక్టివేట్ అయిందని ఉంటే, మీకు సంస్థ ఏదీ లేదు కనుక, అది దొంగ తాళంచెవి. మార్చమనండి. తెలుగు టైపింగ్‌కు విడిగా సాఫ్ట్‌వేర్ వేసి డబ్బు అడిగితే వద్దనండి, విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది.

మ్యాక్‌బుక్ గురించి అడిగేవారికి రెండే మాటలు. ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు, వాటిని నడిపే మ్యాక్‌ఓఎస్‌లో 26 టాహో వెర్షనే చివరిదని యాపిల్ ప్రకటించింది, వాటి జోలికి వెళ్లకండి. 2020 నవంబర్‌లో వచ్చిన యాపిల్ సొంత చిప్ ఎమ్1, ఆపై చిప్‌లు ఉన్నవాటినే చూడండి, అవీ పైన చెప్పిన రీసెట్ పరీక్ష తర్వాతే.

దుకాణంవారు సాధారణంగా టెస్టింగ్ వారంటీ ఇస్తారు. ఎన్ని రోజులో బిల్లు మీదే రాయించుకోండి. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్‌ను అలమారలో దాచకండి. ఒక రోజు గంటకు పైగా వీడియో కాల్‌లో ఉంచి ఫ్యాన్ గోల, వేడి గమనించండి. ఒక రాత్రి స్లీప్‌లో పెట్టి పొద్దున ఎంత బ్యాటరీ మిగిలిందో చూడండి. మూత ఒక చేత్తో పైకి, కిందికి మెల్లగా తిప్పుతూ తెర మినుకుమంటుందేమో చూడండి. మినుకుమంటే తెరకు వెళ్లే కేబుల్ నలిగిందని అర్థం. గడువు చివరి రోజు దాకా ఆగకుండా మర్నాడే తీసుకెళ్లండి.