గింజల వంట, 4వ పాఠం: ఉడకని గింజ

కిందటి పాఠంలో నానబెట్టడం చూశాం. రాత్రి గ్లాసుడు తెల్ల బఠానీలు నానబోస్తే తెల్లారేసరికి రెండు గ్లాసులు దాటాయి కదా. అయితే అంత చక్కగా నానినవి కూడా ఒక్కోసారి గంటసేపు పొయ్యి మీద ఉన్నా పంటికింద రాయిలా తగులుతాయి. ఈ పాఠమంతా ఆ రాయి గురించే.

ముందు నా సంగతి చెప్తాను. పెళ్ళయి ఒడిశాలో ఆంధ్ర సరిహద్దునున్న పర్లాకిమిడి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా ఎనిమిది మంది చుట్టాలు దిగారు. ఈ ఊళ్ళో అలాంటప్పుడు ఘుగుని, అంటే మసాలా వేసిన బఠానీల కూర, చేసి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లి, పక్కన ఇన్ని మూరీలు (మరమరాలు) పెడితే అందరూ సంతోషంగా తింటారు. మా పుట్టింట్లో నాకు గుగ్గిళ్ళు తెలుసు గానీ ఘుగుని తెలీదు. పేరు దగ్గరగా ఉంది, పనీ అంతేలే అనుకున్నాను. పొద్దున్నే నానబోసిన బఠానీలు ఎలాగూ ఉన్నాయి. వాటిలో టమాటాలు, చింతపండు పులుసు, ఉప్పు, కారం అన్నీ కలిపి ఒకేసారి కుక్కర్లో పడేశాను. నాలుగు విజిల్స్ వచ్చాక మూత తీస్తే గింజ గింజలాగే ఉంది. ఇంకో నాలుగు పెట్టాను. తర్వాత ఆరు. నాకు టెన్షన్‌తో చెమటలు పడుతున్నాయి, లోపల పులుసు మాడు వాసన కొడుతోంది, బఠానీలు మాత్రం గోళీలే. మా అత్తగారు వచ్చి ఒక గింజ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి, "ఏటమ్మీ, పులుసు ముందే పోసీసినావేటి?" అన్నారు. చుట్టాలు ఆ పూట మూరీలు, ఉల్లిపాయలు తిని, టీ తాగి వెళ్ళారు.

ఆవిడ అన్న ఆ ఒక్క మాటలోనే పాఠం సగం ఉంది. గింజ లోపల కణాలను పట్టి ఉంచే జిగురులాంటి పదార్థం ఒకటి ఉంటుంది, దాన్ని పెక్టిన్ అంటారు. వేడి నీళ్ళలో అది కరిగితే కణాలు విడిపోతాయి, గింజ వేళ్ళ మధ్య వెన్నలా నలుగుతుంది. పులుపు తగిలితే అది కరగడానికి మొరాయిస్తుంది. చింతపండు, టమాటా, నిమ్మరసం, పెరుగు, మామిడి ఒరుగు, ఏ పులుపైనా ఒకటే. కాబట్టి గింజ పూర్తిగా మెత్తబడిన తర్వాతే పులుపు వెయ్యాలి. ముందే వేస్తే ఎన్ని విజిల్స్ వేయించినా గ్యాస్ అయిపోతుందే తప్ప గింజ దారికి రాదు.

బెల్లం కూడా ఇలాంటిదే. ఇది మీకు కొత్త కాదు. బూరెల పూర్ణానికి శనగపప్పు మెత్తగా ఉడికాకే బెల్లం వేస్తాం. తొందరపడి బద్ద పలుకు మీద ఉండగా వేస్తే ఇంక ఎంతసేపు కలియబెట్టినా ఆ పలుకు పలుకే. పూర్ణం దగ్గర అందరం పాటించే ఈ పద్ధతిని మిగతా గింజల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతామో నాకు అర్థం కాదు.

ఉప్పు మాటేమిటి? "ఉప్పు ముందే వేస్తే గింజ ఉడకదు" అని చాలామంది ఇళ్ళలో చెప్తారు. నేనూ చాలా ఏళ్ళు నమ్మాను. నిజానికి ఉప్పు మేలే చేస్తుంది. నానబెట్టే నీళ్ళలో లీటరుకి రెండు టీ చెంచాల ఉప్పు కలిపి, పొద్దున్న ఆ నీళ్ళు వంపేసి, మామూలు నీళ్ళతో ఉడికించి చూడండి. తొక్కలో కాల్షియం, మెగ్నీషియం ఉన్న చోట కొంతమేర ఉప్పులోని సోడియం చేరుతుంది, తొక్క మెత్తబడుతుంది, చిట్లడం కూడా తగ్గుతుంది. నాకు తెలిసి రాజ్మాకీ, పెద్ద శనగలకీ ఇంతకన్నా మంచి చిట్కా లేదు.

కాల్షియం, మెగ్నీషియం అన్నాం కాబట్టి నీళ్ళ సంగతీ చూడాలి. అడుగున తెల్ల పొర కట్టే బోరు నీళ్ళలో ఈ రెండూ ఎక్కువ. అవి పెక్టిన్‌ని ఇంకా గట్టిగా బిగిస్తాయి. మా వీధిలో ఒకే కొట్లో ఒకే బస్తాలోంచి కొన్న కందిపప్పు మా ఇంట్లో పలుకుగా ఉంటుంది, రెండు వీధుల అవతల నుయ్యి నీళ్ళు వాడే ఇంట్లో ముద్దవుతుంది. ఇందులో పప్పు తప్పేమీ లేదు. మీవీ అలా తెల్ల పొర కట్టే నీళ్ళయితే గింజలకి మాత్రం ఆర్‌ఓ ఫిల్టరు నీళ్ళు వాడండి. ఆ వీలు లేకపోతే గ్లాసు గింజలకి చిటికెడు తినే సోడా చాలు. అంతకు మించితే సబ్బు రుచి వస్తుంది, బి1 విటమిన్ కూడా పోతుంది.

ఇక పాత గింజలు. వేడిలో, చెమ్మలో ఏడాది రెండేళ్ళు పడి ఉన్న గింజకి లోపలే మార్పు వచ్చేస్తుంది. నానుతుంది గానీ ఉడకదు. డబ్బాలో అడుగున మిగిలినవాటి మీద కొత్తవి పోసే అలవాటుంటే ఇవాళే మానేయండి. రెండూ కలిస్తే సగం ముద్ద, సగం గోళీలు.

కొనేటప్పుడు సంత సంగతి కాస్త చెప్పాలి. ఇక్కడ ఒకే కొట్లో తెలుగూ ఒడియా రెండూ నడుస్తాయి. ఉలవలు అంటే "కొలథ" అని తూచి ఇస్తారు. మినుములు బిరి, పెసలు ముగ, కందులు హరడ, శనగలు బుట, బొబ్బర్లు ఝుడుంగ. కొత్తలో నేను "బుట" అని విని బుట్ట అడుగుతున్నారేమో అనుకుని సంచి చూపించాను. మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రలో ఉన్న పాతపట్నంలో అయితే ఈ ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఘుగుని సరైన వరసలో చేద్దాం. ఒక గ్లాసు బఠానీలు ఎనిమిది గంటలు నానాక నీళ్ళు వంపేసి, గింజల మీద రెండు వేళ్ళ ఎత్తు వచ్చేలా కొత్త నీళ్ళు, కాస్త పసుపు, రెండు చుక్కల నూనె వేయండి. నూనె నురగని అణుస్తుంది. కుక్కరు సగానికి మించి నింపకండి, నురగ విజిల్లో ఇరుక్కుంటే ప్రమాదం. మూడు విజిల్స్ తర్వాత మంట కట్టేసి ఆవిరి దానంతట అది దిగేదాకా ఆగండి. బలవంతంగా ఆవిరి వదిలితే తొక్కలు పగిలిపోతాయి.

ఆ తర్వాత చేసే పరీక్షే ఈ పాఠంలో అసలు పని. ఒక్క గింజ కాదు, వేర్వేరు చోట్ల నుంచి ఐదు గింజలు తీయండి. ఒక్కొక్కటి వేళ్ళతో నలపండి. మధ్యలో తెల్లటి సుద్దలాంటి చుక్క కనిపిస్తే ఇంకా కాలేదు. గరిటెలో రెండు గింజలు తీసి ఊదినప్పుడు తొక్క ముడతపడి లేస్తే దగ్గరికి వచ్చినట్టు. ఐదూ నలిగితేనే అయినట్టు. నాలుగు నలిగి ఒకటి నలగకపోతే ఇంకో పది నిమిషాలు సన్న మంట మీద పెట్టండి. విజిల్స్ లెక్క కుక్కరుని బట్టి, నీళ్ళని బట్టి, గింజ వయసుని బట్టి మారిపోతుంది. అందుకే నేను వంటల్లో "ఐదు విజిల్స్" అని రాసినవాళ్ళని పూర్తిగా నమ్మను, పైన మూడు అని రాసిన నన్ను కూడా.

ఐదూ నలిగాక వేరే మూకుడులో జీలకర్ర, ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి వేయించి, ఉడికిన బంగాళాదుంప ముక్కలు, అప్పుడు టమాటా, ఉప్పు, కారం, గరం మసాలా వేసి మగ్గించి, బఠానీలు నీళ్ళతో సహా పోయండి. గరిటెతో పది గింజలు అంచుకి మెదిపితే పులుసు దానంతటదే చిక్కబడుతుంది. నిమ్మకాయ దించాక.

ఒక్క జాగ్రత్త, ఇది మాత్రం సరదా కాదు. చింతపల్లి, పాడేరు వైపు నుంచి ఎర్ర రాజ్మా తెచ్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. సగం ఉడికినవి తింటే రెండు మూడు గంటల్లోపే వాంతులు పట్టుకుంటాయి. కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో తెర్లు కాగేలా అరగంట మరిగించాలి. కరెంటు స్లో కుక్కర్లో సన్న వేడి మీద వదిలేస్తే ఆ విషం పోదు. పలుకు మిగిలిన రాజ్మాని "పర్లేదులే" అని తినకండి, పిల్లలకి అసలు పెట్టకండి.

ఇంటి పని: అరగ్లాసు బొబ్బర్లు మీ కుళాయి నీళ్ళలో, ఇంకో అరగ్లాసు ఉప్పు కలిపిన ఫిల్టరు నీళ్ళలో ఐదు గంటలు నానబెట్టండి. నానబోసిన నీళ్ళు వంపి, మొదటివాటికి కుళాయి నీళ్ళు, రెండోవాటికి ఉప్పు కలపని ఫిల్టరు నీళ్ళు కొత్తగా పోసి, రెండు గిన్నెల్లో పక్కపక్కనే ఉడికించి, ఏది ఎన్ని నిమిషాలకి ఐదు గింజల పరీక్ష దాటిందో రాసుకోండి. వచ్చే పాఠం ఉలవల మీద. దానికి ముందు రోజు రాత్రే గ్లాసుడు ఉలవలు రాళ్ళు ఏరి నానబెట్టుకోండి. ఉడికించిన నీళ్ళు పొరపాటున కూడా పారబోయకండి, చారు పెట్టేది దానితోనే.