స్టేజీలో నిలబడి బస్సు సంగతి తెలుసుకోవడం ఎలా?

బస్సు ఎక్కడుందో చూపే, తెలంగాణ ఆర్టీసీ వారి గమ్యం యాప్ 2023లో వచ్చింది. నల్గొండ జిల్లా కొండమల్లేపల్లి వంటి చోట దానిని తెరిచినప్పుడు బస్సు గుర్తు కనిపించగానే నమ్మకుండా, అది రెండు మూడు నిమిషాల్లో ముందుకు జరుగుతున్నదా అని చూడాలి; సిగ్నల్ తెగిపోతే పాత చోటే తెరపై నిలిచి ఉండవచ్చు.

నా మటుకు యాప్ కన్నా స్టేజీ పక్కనున్న టీకొట్టే నమ్మదగినది. పల్లెవెలుగు బస్సు సాధారణంగా చివరి ఊరికి వెళ్లి అదే దారిన తిరిగి వస్తుంది కనుక, అది అటువైపు దాటిపోయిందా అని అక్కడ అడిగితే, తిరుగు ట్రిప్పు ఉన్నదో లేదో సగం తేలిపోతుంది. కార్తీకంలో కురుమూర్తి జాతరకు ప్రత్యేక బస్సులు నడుపుతారు కాబట్టి, మహబూబ్‌నగర్ వైపు మామూలు ట్రిప్పులు తగ్గే అవకాశం ఉంది. ఆ రోజుల్లో ఒక ట్రిప్పు ముందుగానే బయలుదేరడం మేలు.

ఫిర్యాదు చేయదలచినవారు “బస్సు రావడం లేదు” అని ఊరికే రాయకుండా, తేదీ, స్టేజీ పేరు, బస్సు రావలసిన వేళ, మీరు అక్కడ ఉన్న సమయం స్పష్టంగా రాసి డిపో మేనేజరుకు ఇవ్వాలి. రాని బస్సుకు నంబరు ఎక్కడిది? దాని ముందు, వెనుక వచ్చిన బస్సుల నంబర్లు, వాటిపై రాసి ఉన్న డిపో పేర్లు చేర్చితే చాలు.