హక్కుల కమిషన్ పనిచేయడం లేదా? లోపం ఎక్కడుందో చూద్దాం

సమస్య: బోర్డు ఉంది, కుర్చీ ఖాళీ

2024లో జూన్ నుంచి డిసెంబరు దాకా జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు పూర్తికాలపు చైర్మన్ లేరు. పదవీకాలం ఏ రోజు ముగుస్తుందో ముందే తెలుసు. అయినా ఫలానా తేదీలోగా భర్తీ చేయాలని, కమిషన్‌ను ఏర్పరచిన 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టంలో ఎక్కడా లేదు. తెలంగాణ రాష్ట్ర కమిషన్‌దైతే మరీ అన్యాయం, 2025 దాకా రెండేళ్లకు పైగా ఖాళీగానే ఉండిపోయింది. ఖాళీ అయ్యే తేదీకి మూడు నెలల ముందే ఎంపిక మొదలవ్వాలని చట్టంలో రాస్తే చాలు.

సమస్య: పోలీసుల మీద ఫిర్యాదు, విచారణకు వచ్చేదీ పోలీసులే

అసలు జబ్బు ఇక్కడే ఉంది. చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం కమిషన్‌కు దర్యాప్తు సిబ్బందిని ఇచ్చేది కేంద్రమే. ఆ విభాగం పెద్ద డైరెక్టర్ జనరల్ హోదా పోలీసు అధికారి. డెప్యుటేషన్ అయ్యాక మళ్లీ సొంత శాఖకే వెళ్లాల్సినవాళ్లు తోటి అధికారి లాకప్‌లో ఏం చేశాడో ఎంత లోతుగా తవ్వుతారు? దేశదేశాల హక్కుల సంస్థలకు గ్రేడులిచ్చే అంతర్జాతీయ ఉపసంఘం ఎన్నోసార్లు చెప్పింది ఇదే. 2025 మార్చిలో మన కమిషన్‌ను ‘ఏ’ నుంచి ‘బి’కి దించాలని సిఫార్సు కూడా చేసింది. సొంతంగా పరీక్ష పెట్టి, లాయర్లను, ఫోరెన్సిక్ తెలిసినవాళ్లను పర్మనెంటుగా తీసుకోవడమే దీనికి మందు.

సమస్య: సిఫార్సు చేశారు, ఎవరూ పట్టించుకోలేదు

‘కోరలు లేని పులి’ అన్న మాట 2017లో మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కమిషన్ ఇచ్చేది సలహా, ఆర్డరు కాదు. అలాగని ప్రతి సిఫార్సునూ ఆర్డరు చేస్తే అదీ ఇంకో కోర్టయి, వాయిదాల క్యూ తయారవుతుందని నా భయం. 18వ సెక్షన్ కింద హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్లే అధికారం కమిషన్‌కు ఇప్పటికే ఉంది. ముందు దాన్ని గట్టిగా వాడాలి. సిఫార్సును కాదన్న ప్రభుత్వం కారణం రాతపూర్వకంగా చెప్పి, దాన్ని సభలో పెట్టాలి.

సమస్య: ఫిర్యాదే తిరిగొచ్చింది

ఘటన జరిగి ఏడాది దాటితే కమిషన్ తీసుకోదు. రాష్ట్ర కమిషన్‌లో నడుస్తున్న కేసును ఢిల్లీలో ముట్టుకోరు. సైన్యం మీద ఫిర్యాదైతే కేంద్రాన్ని నివేదిక అడిగి, సిఫార్సు చేయడం వరకే. ఇవి మారాలంటే పార్లమెంటు కదలాలి. ఈలోగా మీ ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తేదీ, స్థలం, ఏ అధికారి అన్నది మాత్రం మొదటి పేజీలోనే ఉండేలా చూసుకోండి.