పాత అంబాసిడర్‌ను ఇంట్లోనే బాగుచేసుకుందాం – 4వ పాఠం: పెట్రోలు దారి

గత పాఠంలో బ్రేకుల పని ముగించాము కనుక, బండి కదిలితే ఆగుతుందన్న ధీమా మనకు ఉన్నది. ఈ పాఠంలో ట్యాంకు మొదలు, పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ వరకు పెట్రోలు నడిచే దారినంతా శుభ్రం చేసి, నేడు బంకుల్లో పోస్తున్న ఇంధనానికి తగినట్లు సరిచేసుకుందాము. మన పాఠాలన్నిటికీ ఆధారం 1489 సీసీ పెట్రోలు ఇంజన్ ఉన్న పాత అంబాసిడరే అయినా, ప్రీమియర్ పద్మిని ఉన్నవారికి భాగాల అమరికలో తేడా తప్ప పని పద్ధతి ఇదే.

ఈ ఇంజన్‌ను రూపొందించిన కాలంలో పెట్రోలులో సీసం కలిపేవారు, ఇథనాల్ కలిపేవారు కాదు. ఇప్పుడు పరిస్థితి సరిగ్గా తలకిందులైంది. 2000వ సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు దశలవారీగా వచ్చి, దాదాపు ప్రతి బంకులోనూ స్థిరపడింది. సీసం లేకపోవడం వల్ల వచ్చే చిక్కు వాల్వు సీట్లది, అంటే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనుకునే అంచులది. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకున్న ప్రతిసారీ సీటుకూ దానికీ నడుమ సీసపు పలుచని పొర మెత్తలా పనిచేసేది. ఆ పొర లేనప్పుడు, ఎక్కువ వేగంతో చాలాసేపు నడిపితే, పోత ఇనుప సీటు అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. దీన్ని పసిగట్టడం కష్టం కాదు. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్లు ఉంచిన ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ నడుమ సందు) వెయ్యి కిలోమీటర్లకోసారి చూసినప్పుడల్లా తగ్గిపోతూ ఉంటే సీటు అరుగుతున్నదని అర్థం. ఊళ్లో తిరగడానికే వాడే బండికి ఇందుకోసం ఇప్పుడే హెడ్డు (వాల్వులుండే ఇంజన్ పైభాగం) విప్పనక్కరలేదు. ఎప్పుడైనా హెడ్డు దించవలసి వచ్చినప్పుడు గట్టి ఉక్కు సీట్లు వేయించుకుంటే చాలు.

ఇథనాల్ సంగతి అలా వాయిదా వేయదగినది కాదు. అది పాతకాలపు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఇంజన్‌కు అందే గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పలుచన చేస్తుంది, అంటే అందులో గాలి పాలు పెంచుతుంది. వీటికి తోడు, ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన జిగురును కరిగించి ముందుకు తోస్తుంది. కొత్త పెట్రోలు పోయగానే బండి ఆగిపోయిందని తిట్టుకునేవారిలో చాలామంది బాధకు అసలు కారణం ఆ పాత మురికేనని నా అభిప్రాయం. అందువల్ల పని ట్యాంకుతోనే మొదలుపెట్టాలి.

ట్యాంకు డిక్కీ అడుగున ఉంటుంది. దాని జోలికి వెళ్లే ముందు బ్యాటరీ ఎర్తు తీగ విప్పి పక్కన పెట్టండి. పని ఆరుబయట, నీడలో, పొయ్యికీ దీపానికీ దూరంగా జరగాలి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక అది పైకి తేలిపోదు, నేలబారున పాకి గుంటల్లో నిలుస్తుంది. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం వరకు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ చాలు. నిండు ట్యాంకుకంటే ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదకరం అనడానికి కారణం ఇదే. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ, ఖాళీ ట్యాంకులో గాలీ ఆవిరీ కలిసి పేలడానికి సిద్ధంగా ఉంటాయి. ట్యాంకుకు చిల్లు కనిపిస్తే ఇంట్లో వెల్డింగు గాని టంకం గాని పెట్టే ఆలోచన కూడా వద్దు. ఆ పనిని ట్యాంకులు, రేడియేటర్లు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవారికే అప్పగించండి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల అటువంటి పనివారు దొరుకుతారు.

పాత పెట్రోలును లోహపు డబ్బాలోకి దించిన తరువాత, ట్యాంకును విప్పి సబ్బునీటితో వాసన పోయేదాకా నాలుగైదుసార్లు కడగాలి. లోపల తుప్పు ఉంటే గుప్పెడు చిన్న నట్లు వేసి, నీళ్లు పోసి, ఇద్దరు పట్టుకుని బాగా కుదపాలి. వేసిన నట్లను ముందే లెక్కపెట్టుకోవాలి, తీసినప్పుడు మళ్లీ లెక్కపెట్టాలి. ఇది చాదస్తంగా తోచవచ్చు గాని, లోపల మిగిలిన ఒక్క నట్టు చేసే చప్పుడు కోసం మళ్లీ ట్యాంకు దించవలసి వచ్చిన రోజున దీని విలువ తెలిసింది నాకు. ఆ తరువాత లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ట్యాంకు నింపి ఒక రాత్రి ఉంచితే తుప్పు విడిపోతుంది. ఉదయం దాన్ని పారబోసి, వంట సోడా కలిపిన నీటితో ఆమ్లపు గుణం పోయేలా కడిగి, మంచినీటితో తొలిచి, వెంటనే ఎండలో ఆరబెట్టాలి. ఇక్కడ ఆలస్యం పనికిరాదు. తడి ఇనుము గంటల్లోనే మళ్లీ తుప్పు పడుతుంది. ఆరగానే కొంచెం ఇంజన్ ఆయిలు కలిపిన పెట్రోలు పోసి లోపలంతా తడిసేలా తిప్పండి.

ట్యాంకు నుంచి ముందుకు వచ్చే లోహపు గొట్టాన్ని రెండు కొసలా విప్పి, పంపు వైపు నుంచి ట్యాంకు వైపుకు గాలి ఊదాలి. లోపలి మురికి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. రబ్బరు గొట్టాలు చూడడానికి బాగున్నా సరే, అన్నిటినీ మార్చేయండి. దుకాణంలో పెట్రోలు గొట్టం అని మాత్రమే అడగకుండా, ఇథనాల్‌ను తట్టుకునేది, లోపలి పొర విటాన్ రకం రబ్బరుతో చేసినది కావాలని అడగాలి. గొట్టం మీద ఎస్‌ఏఈ జె30 ఆర్9 అన్న ముద్ర ఉంటే అది పనికివస్తుంది.

ఇంజన్ పక్కన క్యామ్ షాఫ్టు కదిలించే పెట్రోలు పంపులో పెట్రోలును లాగి నెట్టే పలుచని పొర, డయాఫ్రమే ప్రాణం. అది చిరిగితే పెట్రోలు బయటికి కారవచ్చు, లేదా ఎవరికీ కనిపించకుండా ఇంజన్ ఆయిలులో కలిసిపోవచ్చు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. ఆయిలు మట్టం తనంతట తాను పెరిగి, పెట్రోలు వాసన వేస్తున్నదంటే డయాఫ్రమ్ పోయినట్లే. అటువంటి ఆయిలుతో ఇంజన్ తిప్పితే బేరింగులు దెబ్బతింటాయి. నేను ఒకసారి చవకగా దొరికిందని కొన్న డయాఫ్రమ్ మూడు నెలల్లో హల్వాలా మెత్తబడింది. ఈ ఒక్క భాగం విషయంలో ధర చూడవద్దు.

మే నెలలో అంబాసిడర్‌లో దూరప్రయాణం చేసినవారికి, బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసే డ్రైవరు గుర్తుండే ఉంటాడు. పంపులోనూ గొట్టంలోనూ పెట్రోలు ఆవిరై, పంపు ఆ ఆవిరిని నెట్టలేక ఆగిపోయినప్పుడు ఆయన చేసే వైద్యం అది. ఇథనాల్ కలిసిన పెట్రోలు ఇంకా తేలికగా ఆవిరవుతుంది కనుక ఈ జబ్బు పెరుగుతుంది. ఎగ్జాస్టుకూ గొట్టానికీ నడుమ పలుచని అల్యూమినియం రేకు అడ్డుపెట్టి, గొట్టాన్ని వేడికి దూరంగా మళ్లిస్తే చాలావరకు తగ్గుతుంది. కొందరు విద్యుత్ పంపు వేస్తారు. ఆ పని చేసేటట్లయితే 2 నుంచి 4 పీఎస్ఐ లోపు ఒత్తిడి ఇచ్చేదే తీసుకోవాలి. ఇంజెక్షన్ బండి పంపు బిగిస్తే కార్బురేటర్‌లోని పెట్రోలు రాకను అదుపుచేసే సూది వాల్వు ఆ ఒత్తిడికి నిలువలేక పెట్రోలు పొంగి వేడి ఇంజన్ మీద పడుతుంది. ఇంజన్ ఆగగానే పంపుకు కరెంటు ఆగిపోయే ఏర్పాటు కూడా తప్పనిసరి.

కార్బురేటర్‌ను విప్పేటప్పుడు ప్రతి మెట్టులోనూ ఫోటో తీసుకుని, భాగాలను తెల్లని గుడ్డ మీద వరుసగా పేర్చండి. పెట్రోలును కొలతగా వదిలే జెట్టు రంధ్రంలో ఇనుప తీగ గుచ్చకూడదు. ఆ రంధ్రం కొలత మీదనే ఇంజన్ నడక ఆధారపడి ఉంటుంది కనుక గాలితోగాని, బ్రష్షు వెంట్రుకతోగాని శుభ్రం చేయాలి. లోపల పెట్రోలు మీద తేలే ఫ్లోటును వేడినీటిలో ముంచితే బుడగలు వస్తున్నాయా చూడండి. వస్తే దానికి చిల్లు పడినట్లు.

మిశ్రమం పలుచనవడం గురించి కొంచెం లెక్క చెప్పాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. అంటే ఈ20 ఇంధనం పాత జెట్టు గుండా అంతే ప్రవహించినా దానికి అవసరమైనదానికంటే ఎక్కువ గాలి కలుస్తున్నది. ఇంజన్ వేడెక్కడానికీ, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తడబడడానికీ ఇదే మూలం. పాతిక కిలోమీటర్లు నడిపి ప్లగ్గులు విప్పి చూడండి. కాఫీ పొడి రంగు ఉంటే మిశ్రమం సరిగ్గా ఉన్నట్లు. సున్నంలా తెల్లగా ఉంటే పలుచన, మసి పట్టి ఉంటే చిక్కన. తెల్లగా ఉన్నప్పుడు మెయిన్ జెట్టును ఒక సైజు పెంచి మళ్లీ చూడండి.

ఇక చట్టం. ఇంతవరకు చెప్పిన పనుల్లో ఎక్కువ భాగం అరిగినదాన్ని తీసి అటువంటిదే వేయడం, అంటే మరమ్మతే. ఇంధనాన్నే మార్చాలనుకున్నప్పుడు దారి వేరు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే ఖరారు చేసింది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు చట్టంలోనే చోటు ఉన్నా, ఆమోదం పొందిన కిట్టును అధికారం ఉన్న వర్క్‌షాపులోనే బిగించి ఆర్‌సిలో నమోదు చేయించాలి. ఆ పని ఇంటి పనుల జాబితాలో లేదు. ఇంజన్ మార్పిడికి కూడా రవాణా శాఖ ఆమోదం ముందే తీసుకోవాలి. అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

డీజిల్ ఇంజన్ వేయిద్దామా అని అడిగేవారికి మరో విషయం చెప్పాలి. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అయితే చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆ నమోదు పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ తప్ప రోజువారీగా తిప్పరాదు. 1970ల మొదటి సంవత్సరాల బండి మీ దగ్గర ఉంటే, దాని అసలు ఇంజన్‌ను తీసి పాత ఇనుము కింద అమ్మే ముందు ఈ దారి మూసుకుపోతుందని గుర్తుంచుకోండి.

అన్నీ బిగించిన తరువాత ఇంజన్ వెంటనే స్టార్టు చేయవద్దు. పంపుకు ఉన్న చేతి మీటతో పెట్రోలు ఎక్కించి, ప్రతి అతుకు కిందా పొడి కాగితం పెట్టి పావుగంట ఆగండి. తడి కనిపించకపోతే, అగ్నిమాపక సిలిండరును చేతికి అందేచోట ఉంచి స్టార్టు చేయండి. వచ్చే పాఠంలో డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు సరిచేస్తాము కనుక ఫీలర్ గేజి, సన్నని గరుకు కాగితం, కొత్త కండెన్సరు ఒకటి సిద్ధం చేసుకోండి.