పాత సబ్‌మెషిన్ గన్ పేల్చబోతున్నారా?

లాస్ వేగస్ వెళ్తే థాంప్సన్, ఊజీ, మ్యాక్-10 లాంటి పాత సబ్‌మెషిన్ గన్‌లను, అంటే పిస్టల్ తూటాలను వరసగా పేల్చే తుపాకులను, డబ్బు కట్టి షూటింగ్ రేంజ్‌లో పేల్చవచ్చు. బుక్ చేసే ముందు మీ వీసా ఏదో చూసుకోండి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి మినహాయింపులు కొన్నే. బి-2 విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకూ ఇదే వర్తిస్తుంది. కౌంటర్‌లో ఎవరూ అడగలేదన్నది సాకు కాదు. గ్రీన్‌కార్డు ఉంటే ఈ టెన్షన్ లేదు.

ఇక అసలు సంగతి, లోపలి బోల్ట్, అంటే తూటాను గొట్టంలోకి తోసి పేల్చే ఇనుప దిమ్మ. తూటా పేలగానే బోల్ట్ వెనక్కి పోతుంది, స్ప్రింగ్ తోస్తే ముందుకొచ్చి మరో తూటాను పేలుస్తుంది. దాని బరువు, అది కదిలే దూరం, స్ప్రింగ్ బలాన్ని బట్టి కాల్పుల వేగం మారుతుంది. ఎం3 గ్రీజ్ గన్ నిమిషానికి దాదాపు 450 తూటాలు పేలిస్తే, మ్యాక్-10 వెయ్యి దాటిపోతుంది. అంటే 30 తూటాల మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) రెండు సెకన్లలోపే ఖాళీ!

అమెరికాలో 1986 మే తర్వాత రిజిస్టరైన కొత్త మెషిన్ గన్‌లు (ఇలా వరసగా పేలేవన్నీ ఇందులోకే వస్తాయి) మామూలు పౌరులకు దొరకవు. అందుకే పాతవాటినే బయటి కంపెనీల విడిభాగాలతో నడిపిస్తుంటారు. బరువైన బోల్ట్ వేసి మ్యాక్ వేగాన్ని బాగా తగ్గించినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇంటర్నెట్‌లో చూసిన అంకెను నమ్ముకోవద్దు. ‘బోల్ట్ ఒరిజినలేనా? మార్చాక ఏ తూటాలతో పరీక్షించారు?’ అని అడగండి. నసిగితే వేరే తుపాకీ తీసుకోండి, మొహమాటం వద్దు.

2014లో అరిజోనాలోని ఒక రేంజ్‌లో తొమ్మిదేళ్ల పాప చేతిలో మినీ ఊజీ అదుపు తప్పి, పక్కనున్న శిక్షకుడు చనిపోయాడు. పిల్లల చేతికి ఇవి అసలు ఇవ్వకూడదు, ఎవరెంత సరదాపడినా సరే. పెద్దవాళ్లు కూడా మొదటిసారి మ్యాగజైన్‌లో ఒక్క తూటాతో, తర్వాత రెండింటితో మొదలుపెట్టాలి.

తూటా బలహీనంగా ఉంటే బోల్ట్ పూర్తిగా వెనక్కి పోక, ట్రిగ్గర్ వదిలినా కాల్పులు ఆగకపోవచ్చు. కంగారుపడి అటూఇటూ తిరగొద్దు. మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా గొట్టాన్ని టార్గెట్ వైపే గట్టిగా పట్టుకోండి. శబ్దం తేడాగా, ‘తుస్’మన్నట్టు వినిపిస్తే వెంటనే వేలు తీసేయండి. బుల్లెట్ గొట్టంలో ఇరుక్కుని ఉండొచ్చు, వెనకాల ఇంకోటి పేలితే గొట్టమే పగిలిపోవచ్చు. వేగం ఎక్కువున్న తుపాకీలో ఈ తేడా కనిపెట్టేలోపే ఆలస్యమైపోతుంది. నెమ్మదైన బోల్ట్‌ను నేను మెచ్చేది ఇందుకే.

స్టెన్ లాంటి పాత సబ్‌మెషిన్ గన్‌లు కిందపడితే వాటంతటవే పేలగలవు. తుపాకీ ఒకరి నుంచి ఇంకొకరి చేతికి వెళ్లే ముందు మ్యాగజైన్ తీయించండి.

చెవుల్లో ప్లగ్‌లు, పైన మఫ్‌లు, రెండూ ఉండాలి. కళ్లద్దాలు సరేసరి. మెడ వదులుగా ఉన్న చొక్కా వేసుకోవద్దు, పేలిన తూటా నుంచి ఎగిరే వేడి ఖాళీ తొడుగు లోపల పడితే ఎంతటివాడైనా గెంతులేస్తాడు, చేతిలో తుపాకీ ఉందన్న సంగతే గుర్తుండదు. బయటికొచ్చాక సీసం పోయేలా సబ్బుతో చేతులు, ముఖం కడుక్కున్నాకే ఏదైనా తినండి.