పాత కారు రిమ్ములకు ఇంటి దగ్గరే కొత్త రంగు

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లను ముచ్చటపడి బాగుచేయించుకునేవారు బాడీ రంగుకు, సీట్లకు, క్రోమ్ పనికి ఎంతైనా ఖర్చు పెడతారు గానీ, రిమ్ముల దగ్గరికి వచ్చేసరికి పైపైన ఒక సిల్వర్ కోటు కొట్టించి ఊరుకుంటారు. ఏడాది తిరగకుండానే వీల్ కప్పు అంచు వెంట తుప్పు మళ్లీ బయటపడుతుంది. స్టీలు రిమ్ములను ఓపికగా శుభ్రం చేసి రంగు వేయడం ఇంటి దగ్గర చేసుకోదగిన పనే. అయితే డోరుకో బానెట్‌కో రంగు వేసినట్లు దీనికి వేయడం కుదరదు. కారు బరువు మొత్తాన్ని మోస్తూ, కొద్దిపాటి నట్ల బిగింపు మీద తిరిగే భాగం ఇది. కనుక రంగు ఎలా వేయాలో తెలుసుకోవడానికి ముందే ఎక్కడ వేయకూడదో తెలుసుకోవాలి.

రంగు పేరుకోకూడని చోట్లు మూడు ఉన్నాయి: రిమ్ము వెనుక బ్రేక్ డ్రమ్ముకు ఆనుకునే ముఖం, నట్టు కూర్చునే ఏటవాలు గుంట, టైరు అంచు ఒత్తుకుని కూర్చునే వరస. మొదటి రెండు చోట్ల రంగు మందంగా ఉంటే నట్టు లోహం మీద కాకుండా రంగు పొర మీద బిగుస్తుంది. బండి నడిచి, డ్రమ్ము వేడెక్కి, ఆ పొర నలిగి పలచబడగానే బిగింపు సడలుతుంది. అలా వదులైన నట్లతో కొంత దూరం నడిచినా రిమ్ము రంధ్రాలు అరిగి కోలగా మారిపోతాయి. ఆ తరువాత ఆ రిమ్మును పారవేయడం తప్ప మరో దారి ఉండదు. నా పద్ధతిలో డ్రమ్ముకు ఆనే ముఖానికి తుప్పు పట్టకుండా ఒక్క పలచటి ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కోటు మాత్రమే పడుతుంది, నట్టు గుంటలు మాత్రం మాస్కింగ్ టేపు కింద పూర్తిగా లోహంగానే ఉండిపోతాయి. టైరు కూర్చునే వరసకు కూడా పలచటి ప్రైమర్, దాని మీద ఒక పలచటి రంగు కోటు చాలు. అక్కడ ఎగుడుదిగుడులు ఉంటే టైరు సమంగా కూర్చోదు.

హైదరాబాద్‌లో ఈ పనికి అనువైన కాలం దీపావళి తరువాత మొదలై శివరాత్రి దాకా ఉంటుంది. వానాకాలంలో, ముఖ్యంగా డ్యూకో అని మన పెయింటర్లు పిలిచే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు వాడేటప్పుడు, థిన్నర్ గబగబా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరచడం వల్ల గాలిలోని తేమ రంగు మీద చేరి, తెల్లగా పాలిపోయిన పొర ఏర్పడుతుంది. మే నెల ఎండలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: తుంపర రిమ్మును చేరేలోపే సగం ఆరిపోయి, ముట్టుకుంటే ఇసుకలా గరుకుగా తగులుతుంది. చలికాలంలో కూడా మంచు పూర్తిగా విడిచిన తరువాత, ఉదయం పది గంటల నుంచి మధ్యాహ్నం మూడు గంటల లోపు రంగు వేయడం మంచిది.

నాలుగు చక్రాలనూ ఒకేసారి విప్పి కారును నెలల తరబడి ఇటుకల మీద నిలబెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చని పద్ధతి. ఇటుక ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు. స్టెప్నీతో మొదలుపెట్టాలి. చేయి తిరగడానికి అదే సరైన రిమ్ము, ఎందుకంటే అది డిక్కీలో ఉంటుంది కనుక చిన్న లోపాలు ఎవరి కంటా పడవు. స్టెప్నీ పూర్తయ్యాక దాన్ని ఒక చక్రం స్థానంలో బిగించి, ఆ విప్పిన చక్రాన్ని పనికి తీసుకోవాలి. ఇలా ఒకదాని తరువాత ఒకటిగా అయిదూ పూర్తవుతాయి, కారు కూడా ఎప్పుడూ తన కాళ్ల మీదే నిలబడి ఉంటుంది. చక్రం మార్చేటప్పుడు నట్లను నేల మీద ఉండగానే కొద్దిగా వదులు చేసి, ఎదుటి చక్రానికి అడ్డు పెట్టి, ఆ తరువాతే జాకీ ఎక్కించాలి. కొన్ని పాత కార్లలో ఒక వైపు నట్లు వ్యతిరేక దిశలో విప్పుకోవలసి ఉంటుంది కనుక, రాకపోతే బలం ప్రయోగించే ముందు మర ఏ వైపు తిరిగి ఉందో చూడాలి.

టైరు తీసే పని టైర్ల షాపుకు వదిలేయడమే ఉత్తమం. టైరు తీసిన ఉత్త రిమ్మును కారుకే బిగించి, స్టాండు మీద లేపి, అంచుకు దగ్గరగా ఒక స్క్రూడ్రైవర్ కదలకుండా నిలిపి చేత్తో తిప్పితే, సందు ఎక్కడ పెరుగుతోందో ఎక్కడ తగ్గుతోందో కంటికి కనిపిస్తుంది. వంకర తీయించాలనుకుంటే రంగుకు ముందే తీయించాలి. తరువాత రంధ్రాల చుట్టూ, మధ్య పళ్లెం అంచు రింగుకు వెల్డింగ్ అయిన చోట, గాలి రంధ్రాల మూలల్లో టార్చి పెట్టి వెంట్రుకవాసి పగుళ్ల కోసం వెతకాలి. పాత రంగు మీద సన్నటి గీత వెంట తుప్పు కారినట్లు కనిపిస్తే అక్కడ పగులు ఉందని అనుమానించాలి. పగిలిన రిమ్మును వెల్డింగ్ చేయించి మళ్లీ రోడ్డు మీదికి తీసుకురాకూడదు.

కడగడం రాపిడికి ముందే జరగాలన్నది చాలామంది తిరగవేసే వరస. టైర్ల షాపు సబ్బు, బ్రేక్ దుమ్ము, గ్రీజు తీయకుండా ఎమరీ పేపర్ పట్టిస్తే ఆ జిడ్డంతా గీతల లోపలికి దిగి, పైన వేసిన రంగు చేప కళ్లలా గుంటలు పడుతుంది. ముందు డిటర్జెంట్‌తో, ఆరాక థిన్నర్ తడిపిన తెల్ల గుడ్డతో, గుడ్డ తెల్లగానే ఉండేంతవరకు తుడవాలి. నగరంలో చాలా ఇళ్లలో వాడేది బోరు నీరు, అందులో ఉప్పు ఎక్కువ. ఆ నీటితో కడిగి వదిలేస్తే లోహం మీద మిగిలిన ఉప్పు కొన్నాళ్లకు తేమను లాగి రంగును బొబ్బలెక్కిస్తుంది. కడిగిన ప్రతిసారీ చివరగా ఒక చెంబు ఫిల్టర్ నీళ్లు పోసి, వెంటనే తుడిచి ఎండలో పెట్టడం చిన్న జాగ్రత్తే అయినా దీన్ని వదలకూడదు.

పాత రంగు తీయడానికి రెండు దారులు ఉన్నాయి. జీడిమెట్ల, బాలానగర్ వంటి పారిశ్రామికవాడల్లో శాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి రేణువులు చిమ్మి గీకడం) చేయించడం ఒకటి, ఇంట్లో పెయింట్ రిమూవర్, వైరు బ్రష్‌లతో గీకడం మరొకటి. తుప్పు గుంటలు లోతుగా ఉంటే నా మాట బ్లాస్టింగ్‌కే, ఎందుకంటే గుంట అడుగున దాక్కున్న తుప్పును ఏ బ్రష్షూ అందుకోలేదు. బ్లాస్టింగ్ అయిన స్టీలు బూడిద రంగులో, చేతి చెమట తగిలినా వేలిముద్ర ఆకారంలో తుప్పు పట్టేంత పచ్చిగా ఉంటుంది. కాబట్టి గ్లౌజులతోనే పట్టుకుని, అదే రోజు ప్రైమర్ వేయాలి. ఇంట్లోనే గీకేవారు డాబా మీదో ఆరుబయటో కూర్చుని, చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని పని చేయాలి. రంగు పోయాక తుప్పు మీద వాడే గ్రైండరు వైరు బ్రష్ నుంచి తీగ ముక్కలు సూదుల్లా ఎగిరివస్తాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా గీకి దుమ్ము లేపకుండా నీళ్లతో తడుపుతూ వాటర్ పేపర్‌తో రుద్దాలి, పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు.

మొత్తం రంగు తీసే ముందు ఒక్క పని చేయవలసి ఉంది. వీల్ కప్పు కింద, ఎండ తగలని చోట, గోరంత మేర 400 నంబరు వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దితే ఒకదాని కింద ఒకటిగా పొరలు వలయాల్లా తేలతాయి. ముందు మొన్నటి సిల్వర్, దాని కింద ఎవరో వేయించిన నలుపు, అన్నిటి కింద ప్రైమర్‌కు ఆనుకుని కంపెనీ వేసిన అసలు రంగు కనిపిస్తాయి. ఆ వలయానికి ఫోటో తీసి, రంగు కలిపే షాపులో ఆ రిమ్మునే చూపిస్తే దగ్గరి షేడు కలిపి ఇస్తారు. సొంత అభిరుచితో వేరే రంగు వేసుకునేవారికి కూడా ఈ వలయం ఉపయోగపడుతుంది, ఎందుకంటే కారు తయారైన కాలం నాటి రంగుల మెరుపు ఎంత తక్కువగా ఉండేదో దానిలో తెలుస్తుంది. అంబాసిడర్ రిమ్ములకు అద్దంలా మెరిసే రంగు కంటే కాస్త మెత్తటి మెరుపే నప్పుతుంది.

మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ రిమూవర్ పూసి, డబ్బా మీద రాసిన సమయం కాగానే బాగా కడిగి ఆరబెట్టాలి. ఆమ్లం మిగిలిపోతే ఎపాక్సీ ప్రైమర్ సరిగా గట్టిపడదు. ప్రైమర్ ఆరాక బయటి ముఖం మీది గుంటలకు పుట్టీ పలచగా పట్టించి 180, 320 నంబర్లతో చదును చేసి, మళ్లీ ప్రైమర్ వేసి, 600 నంబరు వాటర్ పేపర్‌తో నున్నగా రుద్దాలి. పైన చెప్పిన మూడు చోట్లా పుట్టీ అసలు వాడకూడదు.

రంగు వేసే ముందు నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచాలి, అపార్ట్‌మెంట్ సెల్లారులో అయితే పక్కవారి బండ్లను కప్పాలి, దగ్గరలో స్టవ్వు గానీ నిప్పురవ్వ వచ్చే స్విచ్చులు గానీ ఉండకూడదు. రిమ్మును పాత తిరుగుడు స్టూలు మీద పెట్టుకుంటే మనం చుట్టూ తిరగనక్కర లేకుండా అదే తిరుగుతుంది. ముందు వెనుక వైపు పూర్తిచేసి ఆరనిచ్చి, తరువాత ముందువైపుకు తిప్పాలి. ముందువైపున మొదట గాలి రంధ్రాల అంచులు, ఆ తరువాత బయటి రింగు లోపలి వంపు, చిట్టచివర మధ్య ముఖం, ఈ వరసలో వేస్తే మూలలు పలచబడవు. స్ప్రే డబ్బాను 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ప్రతి చాలు ముందటి చాలును సగం కప్పేలా, చేతిని రిమ్ము దాటాకే ఆపుతూ వేయాలి. మొదటి కోటు మంచు పట్టినట్లు పలచగా ఉండాలి, కింది రంగు కనిపిస్తోందని తొందరపడకూడదు. పది పదిహేను నిమిషాల వ్యవధితో మూడు నాలుగు పలచటి కోట్లు, కారకుండా, సమంగా రంగును కూర్చోబెడతాయి. ఏ కారణం చేతనైనా టైరు తీయించలేకపోతే గాలి తగ్గించి, పాత శుభలేఖలను పట్టీలుగా కత్తిరించి రిమ్ముకూ టైరుకూ మధ్య ఒకదాని మీద ఒకటి వచ్చేలా దోపితే టైరుకు రంగు అంటదు.

మాస్కు విషయంలో రాజీ పడకూడదు. స్ప్రే డబ్బాలకూ ఎన్‌సీ రంగుకూ ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జి (థిన్నర్ లాంటి ఆవిరులను పట్టి ఉంచే ఫిల్టర్ డబ్బీ) ఉన్న మాస్కు కావాలి, గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రెండు భాగాల పీయూ (పాలీయూరిథేన్) రంగుల్లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, అది ఊపిరితిత్తులకు శాశ్వతమైన హాని చేయగలదు. ఆ రంగు గానీ అదే రకం క్లియర్ కోటు (రంగు పైన వేసే పారదర్శక పొర) గానీ కావాలనుకుంటే, బయటి నుంచి గాలి అందించే మాస్కు, బూత్ ఉన్న పెయింటింగ్ షాపులోనే వేయించాలి.

రెండు రంగులు కోరుకునేవారు, లేదా అంచు వెంట సన్నటి చార కోరుకునేవారు, అసలు రంగు కనీసం ఒక రోజు ఆరాక ఫైన్ లైన్ టేపు అతికించి చార వేసి, అది పూర్తిగా గట్టిపడకముందే టేపును వెనక్కి మడిచి లాగాలి. మామూలు మాస్కింగ్ టేపు వంపుల దగ్గర ముడత పడి అంచును చెడగొడుతుంది.

అల్లాయ్ రిమ్ములకు స్టీలు వైరు బ్రష్ తగలకూడదు, ప్రైమర్ కూడా అల్యూమినియానికి పనికొచ్చే ఎచ్ ప్రైమర్ (ఆమ్లంతో లోహాన్ని కాస్త కొరికి పట్టుకునేది) గానీ ఎపాక్సీ గానీ అయి ఉండాలి. క్రోమ్ పూత ఉన్న రిమ్ములను ఇంట్లో ముట్టుకోకపోవడమే మేలు.

రంగు పొడిగా అనిపించినా కనీసం ఒక వారం ఆగాలి. వెనుకవైపు కనపడని చోట గోటితో నొక్కితే గుర్తు పడకూడదు. పాత రిమ్ముల్లో చాలా వరకు ట్యూబ్ టైర్ల కోసం చేసినవే కనుక ట్యూబు లేకుండా వాడే ప్రయత్నం చేయకుండా, కొత్త ట్యూబు వేయించాలి. టైర్ల షాపులో టైరు ఎక్కించే లివర్ (ఇనుప కడ్డీ) కింద ప్లాస్టిక్ ముక్క పెట్టమనీ, సబ్బు నీళ్లు ధారాళంగా వాడమనీ, బ్యాలెన్సింగ్‌కు అంచుకు కొట్టే సీసం కాకుండా లోపల అతికించే బరువులు వేయమనీ ముందే చెప్పి, దగ్గర నిలబడి చేయించుకోవాలి. కారుకు బిగించేటప్పుడు నట్టు గుంటల టేపు తీశామో లేదో చూసుకుని, నట్లను ఎదురెదురు వరసలో, కారు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (తిప్పే బలం కొలతకు) బిగించాలి. తరువాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపి, చక్రాలు చల్లారాక ప్రతి నట్టునూ టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఏ నట్టయినా కదిలితే బిగించి, మరో 100 కిలోమీటర్ల తరువాత అదే పరీక్ష చేయాలి. అప్పుడు కూడా అదే నట్టు కదిలితే ఆ చక్రాన్ని విప్పి, గుంటలోనో వెనుక ముఖం మీదో చేరిన రంగును గీకి తీయాలి.