సైబర్ బాధితుల ట్రస్టులో సంతకం పెట్టే ముందు

వానాకాలం వడ్లు, పత్తి అమ్ముకున్న డబ్బులు ఖాతాల్లో పడే రోజులు దగ్గరికొచ్చాయి. నల్లగొండలో సైబర్ మోసాల బాధితులకు సాయపడే మా చిన్న ట్రస్టుకు ఫోన్లు ఎక్కువగా వచ్చేది ఈ రోజుల్లోనే. కొత్త ట్రస్టీలు అవసరమయ్యేది కూడా ఇప్పుడే. రిటైరైన టీచర్లు, బ్యాంకుల్లో పనిచేసి వచ్చినవాళ్లు "మేమూ సాయం చేస్తాం" అని అడుగుతున్నారు. తప్పకుండా రండి. కాకపోతే ఇది రక్తదాన శిబిరం నడిపినట్టు ఉండే పని కాదు. ఒకసారి మోసపోయిన మనిషి రెండోసారి నమ్మి మన గుమ్మం ఎక్కుతాడు. ఆ నమ్మకానికి మన వల్ల చిన్న గీత కూడా పడకూడదు. నేను చెప్పే జాగ్రత్తలన్నీ దానికోసమే.

పోయిన ఏడాది దేవరకొండ వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. ప్లాస్టిక్ కవర్లో పాస్‌బుక్కు, పత్తి అమ్మిన తక్‌పట్టీ, మడతలు పడ్డ ఆధార్ జిరాక్స్ ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో పీఎం కిసాన్ పేరుతో వచ్చిన ఏపీకే ఫైలును (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కాడు. తెల్లారేసరికి ఖాతా ఖాళీ. కూర్చోగానే పగిలిన ఫోను నా చేతిలో పెట్టి, లాక్ నంబరు కూడా చెప్పేశాడు. "మీరే చూడుండ్రి సారూ, నాకేం సమజైతలేదు" అన్నాడు. నేను ఫోను తిరిగి ఆయన ముందే పెట్టాను. పక్కన కూర్చుని ఎక్కడ నొక్కాలో చెప్పాను, నొక్కింది మాత్రం ఆయన వేలే. గంట పట్టింది. పట్టనివ్వండి. ఫోను మన చేతిలో ఉండగా రేపు ఒక్క రూపాయి అటూ ఇటూ అయినా అనుమానం ట్రస్టు మీదికే వస్తుంది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. "నమ్మినవాళ్లకు లాక్ నంబరు చెప్పొచ్చు" అనే అలవాటును మనమే మళ్లీ నేర్పినట్టవుతుంది. ఓటీపీ, పిన్, పాస్‌వర్డ్ ఏ ట్రస్టీ ఏ కారణంతోనూ అడగకూడదు. వాళ్లంతట వాళ్లు చెప్పబోయినా ఆపాలి.

ఆ రైతు మా దగ్గరికి వచ్చింది మూడో రోజు. ఆలోపే ఎవరో ఫోన్ చేసి "నీ పైసలు హోల్డ్‌లో ఉన్నయి, ఐదు వేలు కడితే విడుదలైతయి" అన్నారట. కట్టేశాడు. పోయిన డబ్బు తెచ్చిపెడతామంటూ జరిగే ఈ రెండో మోసం మొదటి దానికన్నా లోతుగా కోస్తుంది. అందుకే బాధితుల దగ్గర ఫారం ఖర్చు కింద పది రూపాయలు కూడా తీసుకోకూడదు. మా ఆఫీసు తలుపు మీద ఆ మాట పెద్ద అక్షరాలతో రాయించాం. "డబ్బు వస్తుంది" అని నోరు జారొద్దు. "వస్తుందని చెప్పలేను గానీ, రావడానికి చేయాల్సినవన్నీ ఈ రోజే చేద్దాం" అనండి. ఆ మాట మింగుడు పడకపోయినా, తర్వాత మనల్ని నమ్మేది దానివల్లే.

చేయాల్సినవి ఏమిటో ట్రస్టీకి నోటికి వచ్చి ఉండాలి. మొదటిది 1930, సైబర్ మోసంలో డబ్బు పోతే ఫిర్యాదు చేసే నంబరు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పారుతూ ఉంటుంది, ఏటీఎం దాటిందంటే దొరకదు. అందుకే మన ఆఫీసుకు వచ్చేదాకా ఆగమనకండి, ఫోన్లోనే "ముందు 1930కి చెయ్యండి, తర్వాత నాకు చెయ్యండి" అనాలి. బ్యాంకు మెసేజ్‌లో ఉండే యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య), తేదీ, టైము, ఎంత పోయిందీ దగ్గర పెట్టుకుంటే ఫిర్యాదు త్వరగా ఎక్కుతుంది. ఏపీకే నొక్కినవాళ్లయితే ఆ ఫోనులో నెట్ ఆపేసి, వేరే ఫోను నుంచి బ్యాంకుకు చెప్పాలి. భయంతో చాట్లు చెరిపేస్తుంటారు, ఆపండి, సాక్ష్యం అదే. ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి. "మా పరిధి కాదు" అని ఎక్కడైనా అంటే, జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా చేయొచ్చని మర్యాదగా గుర్తుచేయండి. ఖాతాల్లో ఆగిన డబ్బు బాధితుడికి తిరిగి రావాలంటే చాలాసార్లు కోర్టు ఉత్తర్వు కావాల్సి వస్తుంది. మన రాష్ట్రంలో లోక్ అదాలత్ ద్వారా కూడా ఇప్పిస్తున్నారు. దానికోసం బ్రోకర్ అక్కర్లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఇక ట్రస్టు ఖాతా. కొత్త ట్రస్టీలు తేలిగ్గా తీసుకునేదీ, నాకు నిద్ర లేకుండా చేసేదీ ఇదే. ఒకరోజు మా ఖాతాలో ఎవరో తెలియని మనిషి అరవై వేలు వేశాడు. సాయంత్రం ఫోన్ చేసి, పొరపాటున ఎక్కువ పడింది, పదివేలు మీరు ఉంచుకుని మిగతాది ఈ నంబరుకు పంపండి అన్నాడు. మాట ఎంతో మెత్తగా ఉంది. మా కోశాధికారి అక్క ఒప్పుకోలేదు, నేరుగా బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేసింది. పంపి ఉంటే, ఇంకో జిల్లాలో ఎవరో పోగొట్టుకున్న డబ్బును మా చేతులతోనే దాటించినవాళ్లమయ్యేవాళ్లం. ఇలా వాడుకునే వాటిని మ్యూల్ ఖాతాలు అంటారు. పోలీసుల లేఖ వస్తే ట్రస్టు ఖాతా ఆగిపోతుంది, సంతకం పెట్టిన ట్రస్టీలు కూడా జవాబు చెప్పుకోవాలి. కాబట్టి తెలియని డబ్బు వస్తే ముట్టుకోవద్దు. తిరిగి పంపాల్సి వస్తే బ్యాంకు ద్వారా, వచ్చిన ఖాతాకే పోవాలి. చెక్కు మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. నెట్ బ్యాంకింగ్ ఒక్కరి ఫోనులో ఉండకూడదు, ఆ ఒక్కరు ఎంత మంచివాళ్లయినా సరే.

మన ప్రాంతంలో ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు, ఊరి మీద ప్రేమతో డబ్బు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, మన బంధువే అయినా విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. "మనోడే కదా" అని తీసుకుని తర్వాత టెన్షన్ పడేకన్నా, ముందే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి.

సంతకానికి ముందు ట్రస్టు డీడ్, పాన్, గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, బ్యాంకు స్టేట్‌మెంటు అడగండి. ఇవ్వడానికి మొహమాటపడితే ఆ ట్రస్టులో చేరొద్దు.

బాధితుల వివరాలు ట్రస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. సాయం అందించిన ఫొటోలు అసలే వద్దు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి ఫొటోలు మార్చి బెదిరిస్తున్నారని చెప్పడానికి రెండు గంటలు పట్టింది, వాళ్ల నాన్నకు తెలియకూడదని ఒట్టు వేయించుకుంది. అలాంటి కాగితాలు బీరువాలో తాళం వేసి ఉండాలి, పేరుకు బదులు నంబరు ఉండాలి. ఆడవాళ్లు వస్తే ఒక ఆడ ట్రస్టీ కూర్చోవాలి.

ఇంకొకటి. కొందరు డబ్బు గురించి మాట్లాడుతూనే "ఇగ బతికి ఏం లాభం" అంటారు. బాధలో అన్న మాటేలే అని వదిలేయొద్దు. ఫిర్యాదు పక్కన పెట్టి నేరుగా అడగండి, చావాలనిపిస్తుందా అని. అవునంటే ఒంటరిగా పంపొద్దు. ఇంట్లో నమ్మకమైన మనిషిని పిలిపించి అప్పగించండి, పురుగుల మందు ఇంట్లోంచి తీసేయమని వాళ్లకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ పక్కనే కూర్చోబెట్టి కలపండి.

ఎప్పుడైనా ట్రస్టు నుంచి తప్పుకోవాలనుకుంటే నోటిమాటతో వెళ్లిపోకండి. రాజీనామా రాసివ్వండి, తీర్మానం కాపీ తీసుకోండి, బ్యాంకులో సంతకందారుగా మీ పేరు తీసేశారో లేదో మీరే బ్రాంచికి వెళ్లి చూసుకోండి.